చెప్పి చేసే సలోమి సిస్టరు

మా ఇంట్లో వాషింగ్ మెషీను పని ముగించగానే కీక్ కీక్‌మని అరుస్తుంది. ఆ అరుపు చెవిన పడితే చాలు, నా చేయి తనంతట తానే ముక్కు మీదికి పోతుంది, అక్కడ గొట్టమేమైనా ఉందేమోనని. మా ఆవిడ నాగలక్ష్మి చూసి, "ముక్కు ఉండాదిలే, యాడికీ పోలేదు" అంటుంది. నేనూ నవ్వుతాను. ఒకప్పుడైతే ఆ చప్పుడుకు ఒళ్లంతా చెమటలు పట్టేవి. నన్ను ఆ భయంలోంచి ఈ నవ్వులోకి తెచ్చింది సలోమి సిస్టరు.

నాది ధర్మవరంలో పట్టుచీరల అంగడి. న్యుమోనియా ముదిరి హిందూపురంలో ఒక ఆసుపత్రి ఐసీయూలో పడ్డాను. గొంతులో గొట్టంతో, మత్తులో కొన్నాళ్లు గడిచాయట. ఆ గొట్టం తీశాక కళ్లు తెరిచానే గానీ, నాకు కనబడింది ఆసుపత్రి కాదు, మా అంగడి. మంచాల మధ్య పచ్చ తెరలేమో వేలాడదీసిన చీరలు. నర్సులందరూ కొనడానికి వచ్చినవాళ్లు. తల పక్కన గుండె కొలిచే మెషీను మాత్రం రాత్రింబగళ్లు కీక్ కీక్‌మంటూనే ఉండేది. పెద్ద డాక్టరు గారితో "మీకు ముదురు రంగు నప్పదు సార్" అన్నానట. వీటన్నిటినీ మించిన ఘనకార్యం ఇంకొకటుంది. తిండి కోసం ముక్కులో పెట్టిన సన్న గొట్టం నాకు అంచు నుంచి ఊడిన జరీ పోగులా కనబడింది. అలాంటి పోగు కంటబడితే చీరల వ్యాపారి చేయి ఊరుకుంటుందా? పట్టి లాగేశాను. మళ్లీ పెట్టారు, మళ్లీ లాగాను.

చేతులు మంచానికి కట్టేద్దామన్నారు ఎవరో. అక్కడి నర్సు సలోమి అడ్డుపడింది. పెనుకొండ మనిషి. చర్చిలో మైకు లేకుండానే చివరి వరసకు వినబడే గొంతు. చెప్పకుండా ఏ పనీ చేయదు, రోగి మత్తులో ఉన్నా సరే. "అన్నా, నేను సలోమిని. హిందూపురం ఆసుపత్రిలో ఉండావు. పొద్దున అయింది. ఇప్పుడు సూది ఏస్తాండా, రవ్వంత చురుక్కుమంటాది." ఆఖరికి "టీ తాగను పోతాండా అన్నా" అని కూడా చెప్పేది. పక్క మంచం మీది ముసలాయన "పోయి రామ్మా, మేం యాడికీ పోంలే" అనేవాడు.

ఆమె నాగలక్ష్మిని పిలిచి, "అన్న చేతులు ఊరికే ఉండలేకపోతాండాయక్కా. బాగా ఉతికిన పట్టుచీర ఒకటి తే" అంది. డాక్టరు గారు సరేనన్నారు. ఇక నేను మడతపెట్టడం, ఆమె విప్పడం, నేను మళ్లీ మడతపెట్టడం. చేయి గొట్టం జోలికి పోలేదు. "అంచు బాగుండాదమ్మా, తీసుకో" అంటే, "ఇది నీ అంగడి కాదన్నా, ఆసుపత్రి. బాగైనాక నీ అంగడికే వచ్చి తీసుకుంటా" అంది. అబద్ధం చెప్పి ఊరుకోబెట్టడం ఆమెకు చేతకాదు.

అసలు చిక్కు ఇంటికొచ్చాక మొదలైంది. అంగట్లో కూర్చుంటే, ఇది నిజంగా నా అంగడేనా, నేనింకా ఆ మంచం మీదే పడి ఉన్నానా అని గుండె దడదడలాడేది. చెబితే పిచ్చి అంటారని భయం. తమ్ముడికి అంగడి అప్పగించి ఇంట్లో పడుకున్నాను. నెలలు గడిచాయి. అంగడి అమ్మేద్దామన్న మాట కూడా వచ్చింది.

ఒకరోజు తమ్ముడు ఫోను చేశాడు. "అన్నా, ఎవరో సిస్టరంట. నువ్వు చూపిస్తే తప్ప కొనదంట, కూర్చోనుండాది." తన చెల్లెలి పెళ్లికి చీర కోసం వచ్చింది సలోమి. అంగడికి పోయి, ఆమెను చూడగానే గడపలోనే ఆగిపోయాను. అప్పుడు ఐసీయూలో అంగడి కనబడింది, ఇప్పుడు అంగట్లో ఐసీయూ సిస్టరు! ఇదంతా కలేనని తేలిపోయిందనుకున్నాను. "ఏమన్నా, మొకం అట్లయిపోయింది?" అంది. ఆ గొంతు ముందు దాచలేక, పదిమంది వింటుండగానే అంతా చెప్పేశాను.

"ఐసీయూ నుంచి పోయినోళ్లు శానామందికి ఇట్లనే ఉంటాదన్నా. పిచ్చి కాదు. మా ఆసుపత్రిలో మనసు చూసే డాక్టరమ్మ ఉండాది, రా, మాట్లాడదువు. ఆ మంచం కూడా చూపిస్తా, వేరే ఎవరో పండుకోనుంటారు" అంది. తర్వాత ఒక చీర అంచు నా ముందుకు తోసి, "ఇదేమిటిది?" అని అడిగింది.

గోటితో గీకి చూశాను. "జరీ. అసలుదే."

"ఆడ ప్లాస్టిక్ గొట్టాన్ని జరీ అంటివి. ఈడ జరీనే జరీ అంటాండావు. ఇంకేమి?"

ఆపైన బేరం మొదలుపెట్టింది. అంత గట్టి బేరం కలలో ఎవరూ ఆడరు. ఇది నా అంగడేనన్న నమ్మకం నాకు అప్పుడే కొంచెం కుదిరింది. మిగతాది డాక్టరమ్మ దగ్గరికి తిరగ్గా తిరగ్గా, మెల్లగా కుదిరింది. నా మంచం మీద ఇంకెవరో పడుకుని ఉండటం కూడా చూసి వచ్చాను. ఆయన త్వరగా లేవాలని మొక్కుకున్నాను.

ఇప్పుడు రోజూ అంగట్లో కూర్చుంటున్నాను. "చీర విప్పుతాండానమ్మా... ఇప్పుడు ధర చెప్తాండా, గుండె పట్టుకో" అంటే ఆడవాళ్లు నవ్వుతారు. సలోమి పద్ధతి మా ఇంటికీ అంటుకుంది. ఈ మధ్య మెషీను అరవబోయే ముందే నాగలక్ష్మి వంటింట్లోంచి కేక వేస్తోంది: "ఇప్పుడు అరుస్తాది. భయపడొద్దు, మనింట్లోనే ఉండావు."