చింతపండుతో తోమిన జాలీ

ఈ రోజు ఆదివారం. నా తప్పు నేనే చెప్పుకోవాలని రాస్తున్నాను. మావారు పోయాక మూలన పడి ఉన్న బొగ్గుల గ్రిల్లును మేడ మీద పెట్టించి, దాని నల్లటి జాలీని పూజ సామాన్లలాగా చింతపండుతో తళతళా తోమాను. దాని మీద కాల్చబోతే వంకాయలు అంటుకుని చిరిగిపోయాయి. ఏళ్ల తరబడి ఆయన పట్టించిన నూనే ఆ నలుపని అప్పుడు తెలిసింది.

కోడలు నవ్వింది. "గ్యాస్ గ్రిల్ తీసుకుందాం అత్తమ్మా, ఈ బొగ్గుల గోల ఉండదు."

"గ్యాసు వంటింట్లో ఉండాది కదమ్మా. మీ మామ కాల్చిన వాసన దాంట్లో యాడొస్తాది?"

ఇక జరగవలసినవి:

1. జాలీని వేడి చేసి, మళ్లీ నల్లబడేదాకా వేరుశనగ నూనె పట్టించాలి.
2. వచ్చే ఆదివారం వంకాయలు కాల్చాలి.
3. ఆయన జాలీకి ఉల్లిపాయ చెక్క కూడా రుద్దేవారు. అది నూనెకు ముందా, తరువాతా? తెలిసినవారు చెప్పండి. పక్కన కూర్చుని తిన్నాను గానీ, ఒక్కసారీ అడగలేదు.