నల్లపాడు అవతల రెండు సెట్లు

పోయిన నెల నరసరావుపేట నుంచి గుంటూరు వస్తుంటే మా ప్యాసింజరు బండి నల్లపాడు స్టేషను రాకముందే ఆగిపోయింది. ఆగితే ఆగింది, అక్కడ ఫోన్లకు సిగ్నలు కూడా సరిగ్గా లేదు. ఇక చూడాలి మా బోగీలో గోల! నా ఎదుటి సీటాయన ఫోను కిటికీ చువ్వల దగ్గర పెట్టి, "ఒరేయ్, నీ మాట నాకు ఇనపడతంది, నా మాట నీకు ఇనపడతందా?" అని బండి అదిరిపోయేలా అరుస్తున్నాడు. నాకు నవ్వాగలేదు. మొహం తిప్పుకుని బయటికి చూస్తే మిరపకాయల కోల్డ్ స్టోరేజీలు, ప్లాట్లకు పాతిన తెల్లరాళ్ళు. మేం చదువుకునే రోజుల్లో అక్కడంతా పత్తి చేలు. మా వదిన వీపుకు మిలిటరీ రేడియో సెట్టు కట్టుకుని ఆ చేలకు అడ్డంపడి నడిచి వెళ్ళింది. అది గుర్తొచ్చి నవ్వు కాస్తా పోయింది.

వదినంటే మా మేనమామ కూతురు. నాకంటే ఎనిమిది నెలలు పెద్ద. ఆ ఎనిమిది నెలల పాపానికి జీవితమంతా నేను తనను వదినా అనాలి, తను మాత్రం నన్ను ఏమే, ఒసే అంటుంది. మా మామయ్యది మిరప వ్యవసాయం, ఊరు దూరం. అందుకని వదిన గుంటూరులో మా ఇంట్లో ఉండి నాతోపాటే డిగ్రీ చదివింది. ఇద్దరికీ ఒకే మంచం, ఒకే దుప్పటి. ఆ దుప్పటి తెల్లారేసరికి పూర్తిగా తన మీదే ఉండేది. కాలేజీలో వదిన ఎన్‌సీసీలో చేరింది కాబట్టి నేనూ చేరాను. నాకు దేశభక్తి లేదని కాదు గానీ, పెరేడు అయ్యాక పెట్టే పూరీల మీద భక్తి ఇంకాస్త ఎక్కువ. మమ్మల్ని సిగ్నల్స్ విభాగంలో వేశారు. అంటే రేడియో సెట్లు మోయడం, అవి పలక్కపోతే ఎందుకు పలకలేదో కనిపెట్టడం.

ఆ సెట్లు సైన్యం వాడి వాడి మాకు ఇచ్చినవి. ఆకుపచ్చ ఇనప్పెట్టె, కింద బ్యాటరీ, పైన ముక్కలు ముక్కలుగా బిగించే ఏరియల్, వీపుకు కట్టుకోవడానికి పట్టీలు. మాట్లాడే హ్యాండ్‌సెట్టు పక్కన ఒక మీట ఉండేది. నొక్కితే మన మాట అటు పోతుంది, వదిలితే అటు మాట మనకొస్తుంది. మాట లేనప్పుడు చెవిలో ఒకటే గరగర. మాకు నేర్పిన హవల్దారు గారిది ఒంగోలు పక్క. ఆయన పద్ధతి ఒకటే. సెట్టు పలక్కపోతే ముందు బ్యాటరీ చూడు, తర్వాత ఏరియల్ బిగింపు చూడు, తర్వాత హ్యాండ్‌సెట్టు చూడు, అన్నీ అయ్యాకే పెట్టె విప్పు. మేము ముందే పెట్టె విప్పబోతే, "ఏందమ్మా, జలుబుకు ఆపరేషన్ చేస్తారా?" అనేవాడు.

చివరి ఏడాది మాఘమాసంలో క్యాంపు నల్లపాడు అవతల వేశారు. ఆఖరి రోజు పరీక్ష. ఇద్దరేసి జతగా చెయ్యాలి. ఒకరు క్యాంపులో సెట్టు దగ్గర కూర్చోవాలి, రెండోవాళ్ళు అయిదు కిలోమీటర్లు నడిచి అక్కడినుంచి మాట కలపాలి. కలిస్తే సర్టిఫికెట్, లేకపోతే లేదు. నాకు ఆ కాగితంతో పనిలేదు. వదినకు ఉంది. ఆడపిల్లలను సైన్యంలో ఆఫీసర్లుగా తీసుకోవడం అప్పుడప్పుడే మొదలైంది. ఆ సర్టిఫికెట్ ఉంటే దారి తేలిక. మామయ్య ఈ ఒక్క ఏడాదే చూస్తానన్నాడు, అది దాటితే పెళ్ళే. దరఖాస్తు కాగితం మా ట్రంకుపెట్టె అడుగున, నా లంగాల కింద దాచింది. దాచేటప్పుడు నాతో, "ఒసే, ఎవరికీ చెప్పకు, నువ్వు మాత్రం ఏడవకు" అంది. ఏడవలేదు. లంగాలు మళ్ళీ మడతపెట్టి ఆ కాగితం మీద పేర్చాను.

పొద్దున పరీక్షకు ముందు సరిచూసుకుంటుంటే వదిన సెట్టుకు ఒక జబ్బు బయటపడింది. నా మాట తనకు వినపడుతోంది, తన మాట నాకు రావడం లేదు. బ్యాటరీ మార్చాం, ఏరియల్ బిగించాం, అబ్బే! చివరికి హవల్దారు గారు హ్యాండ్‌సెట్టు మీట ఊడదీసి, లోపల చూసి, గట్టిగా తుమ్మాడు. విషయం ఏమిటంటే, ముందురోజు మా వదిన పక్క కల్లంలో ఎండబోసిన మిరపకాయల మీద హ్యాండ్‌సెట్టు పడేసి కూలీలతో కబుర్లు చెప్పింది. కారమంతా మీట సందులోకి పోయింది. "శత్రువుల మీద చల్లాల్సింది మన సెట్టులో పోశావా తల్లీ!" అని ఆయన తిడుతూ, తుమ్ముతూ, పెన్సిలు రబ్బరుతో లోపలి రాగి రేకులు రుద్ది బిగించాడు. సెట్టు పలికింది. వదిన ఆనందం పట్టలేక, "లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు" అని లెక్కపెట్టింది. ధాన్యం కొలిచేటప్పుడు మామయ్య ఒకటి అనకుండా లాభం అంటాడు, ఆ అలవాటు. "ఇది కల్లం కాదు, వన్ అను!" అని హవల్దారు గారు మళ్ళీ అరిచాడు.

భోజనాలయ్యాక వదిన బయల్దేరింది. నాలుగింటికల్లా మాట కలవాలి. పరీక్ష పెట్టే మేజరు గారు వేపచెట్టు కింద కుర్చీలో కూర్చుని వాచీ చూసుకుంటూ మజ్జిగ తాగుతున్నారు. మూడున్నర అయింది, మాట లేదు. పావుతక్కువ నాలుగయింది, చెవిలో గరగర తప్ప ఏమీ లేదు. హవల్దారు గారు నా సెట్టు బ్యాటరీ మార్చాడు, ఏరియల్ విప్పి మళ్ళీ బిగించాడు, మొహం చిన్నబుచ్చుకున్నాడు. వదిన ఆ సమయంలో కాలవ పక్క పల్లంలో ఉందని, అక్కడ అందడం లేదని కనిపెట్టి, పత్తి నింపిన ట్రాక్టరు ట్రాలీ మీదికి ఎక్కిందని తర్వాత చెప్పింది. మోకాళ్ళ దాకా పత్తిలో కూరుకుపోయి, వీపున సెట్టుతో నిలబడితే, రైతు కింద నించుని "అమ్మాయ్, నా పత్తి!" అని మొత్తుకుంటున్నాడట.

పది నిమిషాలు ఉందనగా హవల్దారు గారు వేరే హ్యాండ్‌సెట్టు తేవడానికి గుడారంలోకి వెళ్ళాడు. నేను ఒక్కదాన్నే ఉన్నాను. అప్పుడు వచ్చింది మాట. సన్నగా, కానీ స్పష్టంగా. "లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు. వినపడుతోందా? ఓవర్." కంగారులో వన్ మర్చిపోయింది పిచ్చిది. నేను మీట నొక్కాను. నోరు మాత్రం తెరవలేదు. పలికితే వదిన వెళ్ళిపోతుంది. పలక్కపోతే నాలుగవుతుంది, మేజరు గారు లేచి వెళ్ళిపోతారు, వదిన ఏడుస్తుంది, రేపట్నుంచి మళ్ళీ నా దుప్పటి లాక్కుంటుంది. అంతే కదా! ఎవరికి తెలుస్తుంది? తప్పు సెట్టు మీదికి తోసేస్తే సరిపోతుంది. మీట వదిలేశాను. మళ్ళీ లెక్కపెట్టింది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ ఊరుకున్నాను.

మూడోసారి లెక్కపెట్టలేదు. పరీక్షలో అనకూడని మాట అంది. "ఏమే, ఉన్నావా?" అంది, మా గదిలో దీపం ఆర్పాక అడిగినట్టు. నాకు దుఃఖం పొంగుకొచ్చింది. "ఉన్నాను వదినా. బాగా వినపడుతోంది. ఓవర్" అన్నాను. తర్వాత హవల్దారు గారిని కేకేశాను. ఆయన హ్యాండ్‌సెట్టు లాక్కుని విని, నాలుగుకు రెండు నిమిషాలు ఉండగా మేజరు గారికి సెల్యూట్ కొట్టాడు.

వదిన వెళ్ళిపోయింది. ఎక్కడెక్కడో కొండల్లో, మంచులో పనిచేసింది. అక్కడే పెళ్ళి చేసుకుంది, అక్కడే ఇల్లు కట్టుకుంది. ఏ నాలుగేళ్ళకో ఒకసారి వస్తే చుట్టూ జనం. నేను గుంటూరులోనే పిల్లలకు ఫిజిక్స్ చెప్పుకుంటూ ఉండిపోయాను. మొదట్లో వారానికో ఉత్తరం, తర్వాత నెలకో ఫోను, ఇప్పుడు పండగలకు మెసేజీలు. తనంటే నాకు కోపమేమీ లేదు. కానీ తను లేని లోటు మాత్రం ఈ వయసులో కూడా నాకు తీరలేదు. దుప్పటి మొత్తం నాకే ఉంది, ఏం చేసుకోను?

రైలు దిగిన మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి, ఇన్నేళ్ళు దాచింది చెప్పేశాను. "వదినా, ఆ రోజు నువ్వు మొదటిసారి లెక్కపెట్టినప్పుడే నాకు వినపడింది. కావాలనే పలకలేదు" అన్నాను.

"తెలుసులేవే" అంది, టీ తాగుతూనే. "అవతల మీట నొక్కితే ఇవతల గరగర ఆగిపోద్ది. మాట్లాడకపోయినా సరే. రెండుసార్లు ఆగింది. ఆ సెట్టు మీద నువ్వు తప్ప ఇంకెవరున్నారే?"

ఫిజిక్స్ చెప్పేదాన్ని, నాకు ఆ ముక్క తట్టలేదు చూడండి. "మరి ఇన్నాళ్ళూ ఒక్క మాట అనలేదేం?" అన్నాను.

"ఏమంటాను? నేను పోవడం నీకిష్టం లేదనుకున్నా. మూడోసారీ పలక్కపోతే సెట్టు ఆపేసి, ఇంటికొచ్చి, కాగితం చింపేద్దామనుకున్నా. పలికావు. పొమ్మన్నావని పోయా."

ఆ తర్వాత తను చాలాసేపు మోకాళ్ళ నొప్పుల గురించి, కోడలి ఉద్యోగం గురించి చెప్పింది. నేను ఊఁ కొడుతూనే ఉన్నాను. వదిన నన్ను వదిలి వెళ్ళిపోయిందని ముప్పై ఏళ్ళకు పైగా కుమిలాను. పంపింది నేనేనట. ఆ రోజు ఇంకొక్క నిమిషం నోరు మూసుకుని ఉంటే తను ఇన్నేళ్ళూ నా పక్క వీధిలోనే ఉండేది. పలకడమే మంచిదైందని నాకు నేను ఎంత చెప్పుకున్నా, ఏళ్ళన్నీ గడిచిపోయాయి గానీ ఆ ఒక్క నిమిషం మాత్రం నాకు గడవడం లేదు.