కుప్పమ్మా అని పిలిస్తే

“కుప్పమ్మా, వచ్చినావా?”

“వచ్చినా తాతా.”

పక్కింటి సాయిబు తాత కన్ను మూసే ముందు మేమిద్దరం అనుకున్న ఆఖరి మాటలు ఇవే. ఆ పేరుతో పిలిస్తే ఒకప్పుడు నేను పలికేదాన్నే కాదు.

నా చిన్నప్పుడు కోడుమూరు బడిలో సార్ హాజరు పిలిచేటప్పుడు, నా పేరు వస్తే చాలు, పిల్లలందరూ ముక్కులు మూసుకునేవాళ్లు. “ఏమే, పెంటకుప్పా!” అనేవాళ్లు. ఒకరోజు పలక నేలకేసి కొట్టి, పేరు మార్చేదాకా బడికి పోనని కూర్చున్నాను. అమ్మ ఎంత బతిమాలినా లేవలేదు.

సాయిబు తాత ఒకప్పుడు కర్నూలులో ఇంగ్లీషు చెప్పినవాడు. గోడ మీదుగా తొంగి చూసి, “అంతే గదా! ఇప్పట్నుంచి నీవు రాజేశ్వరివి, పో” అన్నాడు. నాకు ఏనుగెక్కినంత సంబరం. వాళ్ల వసారాలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను. అంతలో మా వంటింట్లోంచి అమ్మ, “కుప్పమ్మా, ఓళిగ చల్లారిపోతాండాది!” అని కేకేసింది. నేను లేచి ఒకటే పరుగు.

“ఏమ్మా రాజేశ్వరీ, యాడికి పోతాండావు? పిలిచింది కుప్పమ్మను గదా!” అని తాత పడీపడీ నవ్వాడు. సిగ్గుపడుతూనే పూర్ణం నిండిన ఓళిగ పట్టుకుని తిరిగొచ్చాను.

అప్పుడు చెప్పాడు. వెనకటి ఇంగ్లీషులో ‘ఇక్లెప్ట్’ అనే మాట ఉండేదట. ఫలానా పేరు గలవాడు అని దానికి అర్థం. ఇప్పుడు నవ్వులాటకు తప్ప ఎవరూ వాడరట. దాని పుట్టుక వెతుక్కుంటూ పోతే, నోరారా కేకేసి పిలవడం అనే ఇంకా పాత మాట దగ్గర తేలుతుందట.

“పేరంటే పలక మీద రాసేది కాదు పాపా, పిలిచేది. నీకు ముందు పుట్టినోళ్లు ముగ్గురు పోయినారు. నీవన్నా దక్కాలని చేటలో పెట్టి పెంటకుప్ప మీద ఉంచినారు. ఎత్తుకొచ్చింది మా ఇంటామెనే. మీయమ్మ ఏడుస్తా ‘కుప్పమ్మా’ అని కేకేస్తే నీవు కేర్‌మన్నావు. శానా గట్టిగా! నేను విన్నా.”

మరుసటి రోజు హాజరులో “ఉండా సార్!” అని నేను అరిచిన అరుపుకు సార్ చేతిలో సుద్దముక్క జారింది. ముక్కులు మూసుకునేవాళ్లు చెవులు మూసుకున్నారు.

నా చదువు మూడో తరగతితోనే ఆగింది. ఆ ఇంగ్లీషు ముక్క మాత్రం నాలుక మీదే ఉండిపోయింది. ఇప్పుడు అమ్మ లేదు, తాత లేదు, మా ఆయనా పోయాడు. ఇదంతా రాస్తున్న మనవరాలితో సహా అందరికీ నేను అవ్వనే. పేరు పెట్టి పిలిచే నోరు ఒక్కటీ మిగల్లేదు.

రాసినావా పాపా? ఏదీ, ఒకసారి చదివి వినిపించు. నా పేరొచ్చిన కాడ మాత్రం గొణగొద్దు, కేకెయ్యి.