నాలుగు వందల ఒకటో అజెండా

మున్సిపల్ ఆఫీసుకి కొత్తగా వచ్చినవాళ్లు కమిషనర్ గారి గది ఎక్కడని అడిగితే, కూర్చున్నచోటు నుంచే మేడమెట్లు చూపించేవారు. నోటీసు బాబాయి ఎక్కడని అడిగితే మాత్రం చేస్తున్న పని పక్కన పెట్టి, స్వయంగా వెంటబెట్టుకుని తీసుకెళ్లేవారు. అలాంటి మనిషి. ఉద్యోగం చూస్తే బంట్రోతు. చదువు చూస్తే పల్లెటూరి బడిలో ఐదో తరగతి. కానీ ముప్పై మూడేళ్ల ఐదు నెలల సర్వీసులో ఆరుగురు చైర్మన్లనీ, పద్నాలుగు మంది కమిషనర్లనీ చూశాడు. మూడు సైకిళ్లు అరగదీశాడు. రెండుసార్లు కుక్క కరిస్తే, రెండుసార్లూ ముందు కాగితం అందించి, సంతకం తీసుకుని, ఆ తర్వాతే కట్టు కట్టించుకోవడానికి వెళ్లాడు. ఇవి గొప్పలకి చెప్పే మాటలు కావు. సంతకాలు తీసుకున్న పుస్తకాలు ఆఫీసు బీరువాలో ఉన్నాయి, ఎవరైనా తీసి చూసుకోవచ్చు.

పని వినడానికి చిన్నదే. నెలకోసారి కౌన్సిలు సమావేశం జరుగుతుంది. ఏ వీధిలో కాలువ పూడిక తీయాలి, ఏ మలుపులో దీపం పెట్టాలి, ఏ కుళాయి ఎన్నింటికి వదలాలి, ఇలాంటివన్నీ వరసగా అంశాలు వేసి అచ్చుకొట్టిన కాగితాల కట్టనే అజెండా అంటారు. ఆ కట్ట ఇరవయ్యారు వార్డుల సభ్యులకీ ముందుగా చేరాలి. ముందుగా అంటే ఎప్పుడో ఒకప్పుడు కాదు, మూడు నిండు రోజుల ముందు. ఇచ్చిన రోజు లెక్కలోకి రాదు, సమావేశం రోజూ రాదు. మధ్యలో మూడు పొద్దులు పూర్తిగా గడవాలి. ఒక్క సభ్యుడు లేచి "నాకు కాగితం అందలేదు" అని రుజువు చేశాడంటే చాలు, ఆ రోజు చేసిన తీర్మానాలన్నీ నీటిమీద రాతలే.

అలాంటి సమావేశాలు నాలుగు వందలు. మనిషికొక కట్ట చొప్పున ఇరవయ్యారు మంది. గుణించుకోండి, పదివేల నాలుగు వందల సార్లు తలుపు తట్టాడు. సభ్యుడు ఆసుపత్రిలో ఉంటే మంచం పక్కన ఇచ్చాడు, రైలెక్కి కూర్చుంటే కిటికీలోంచి ఇచ్చాడు. ఒక్క సమావేశం కూడా బాబాయి వల్ల ఆగిందన్న మాట లేదు. కూతురు పుట్టిన రోజున సైతం పంతొమ్మిది మందికి ఇచ్చాకే ఆసుపత్రికి వెళ్లాడు. వాళ్లావిడ ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు, ఆయన్నీ మర్చిపోనివ్వదు. "నాకు ఒకత్తే కూతురు. మీ బాబాయికి మాత్రం అది ఇరవయ్యో సంతానం" అని వచ్చినవాళ్లందరికీ చెబుతుంది.

అతని పద్ధతి ఒకటుంది. ఉద్యోగంలో చేరిన మూడో ఏట ఒక సభ్యుడు చూడకుండా సంతకం గీకేసి, తీరా సభలో "నా కట్టలో రెండు కాగితాలు తక్కువ" అని గోల చేశాడు. ఆ మాట బాబాయి పడాల్సి వచ్చింది. ఆ రోజు ఇంటికి వచ్చి, బట్వాడా పుస్తకంలో ప్రతి పేజీకీ సంతకం గడి పక్కన స్కేలు పెట్టి ఇంకో గడి గీసుకున్నాడు. సభ్యుడు కట్టలో చివరి కాగితం తిప్పి, చివరి అంశం అంకె చూసి, ఆ గడిలో తన చేత్తోనే వేయాలి. పైవాళ్లెవరూ చెప్పలేదు. చెప్పించుకునే మనిషీ కాదు. అప్పటి నుంచీ ఎవరు సంతకం చేసినా బాబాయి నోట ఒకటే మాట: "చివరి అంశం ఎంతండీ?" సభ్యులు విసుక్కునేవారు, "పంతులు గారొచ్చారు, పలకలు తీయండి" అని వెక్కిరించేవారు. అయినా అంకె వేసేవారు.

సభ్యుడు దొరక్కపోతే ఇద్దరు సాక్షుల ఎదుట కాగితం తలుపుకి అంటించవచ్చని రూల్లో ఉంది. బాబాయి ఆ రూలు జోలికే పోలేదు. "గోడకి ఇవ్వడానికి నేనెందుకండీ, జిగురు డబ్బా చాలదూ?" అనేవాడు.

ఇక అసలు సంగతికి వద్దాం. ఆ నెలాఖరుకి బాబాయి పదవీ విరమణ. కౌన్సిలు గడువు కూడా ఆ నెలతోనే సరి. నాలుగు వందల ఒకటో అజెండా ఇద్దరికీ ఆఖరిది. అందులో ఇరవై మూడో అంశం, ఆడపిల్లల బడి వెనకున్న చెత్త గుట్టని అక్కడి నుంచి తీసేసి, పాత మిల్లు దాటాక ఉన్న ఖాళీ జాగాకి మార్చడం. బాబాయి కూతురు ఆ బడిలోనే టీచరు. తొమ్మిదేళ్లుగా వెనక కిటికీలు బిగించుకుని, ఉక్కపోతలో, ఈగల మధ్య పాఠం చెబుతోంది.

"ఈ సమావేశం పోయిందంటే మళ్లీ కొత్త కౌన్సిలు, కొత్త ఫైలు నాన్నా. ఇంకో తొమ్మిదేళ్లు" అంది ఆదివారం నాడు.

"పోదు తల్లీ."

"నీకెలా తెలుసు?"

"నేనిచ్చిన కాగితం మీద ఇంతవరకూ ఏ సమావేశం పోయిందే?"

"అబ్బో" అంది వాళ్లమ్మ లోపలి నుంచి. "మొదలుపెట్టారా? కుక్కల కథ దాకా వస్తే చెప్పండి, నేను బయటికెళ్తా."

పోగొట్టాలని చూసేవాడు ఒకడున్నాడు. పద్నాలుగో వార్డు సభ్యుడు. పాత మిల్లు పక్కన అతని బావమరిది ఇళ్ల స్థలాలు వేశాడు. చెత్త అటు వెళ్తే ఆ స్థలాల మొహం ఎవరూ చూడరు. ఓట్లతో ఆపుదామంటే చాలినంత మంది లేరు. మిగిలిన దారి ఒక్కటే, కాగితం అందలేదనడం.

సమావేశం శుక్రవారం. అంటే సోమవారం ఆఫీసు టైము దాటకుండా ఇరవయ్యారు మందికీ అందాలి. ఇరవై మూడో అంశం ఆఖర్లో చేర్చడంతో కట్టలు సోమవారం పదింటికి గానీ చేతికి రాలేదు. బాబాయి అన్నం కూడా తినకుండా తిరిగాడు. మూడున్నరకల్లా ఇరవై అయిదు సంతకాలు, ఇరవై అయిదు అంకెలు. పద్నాలుగో వార్డు ఒక్కటే ఖాళీ.

ఆ ఇంటి తలుపు తడితే సభ్యుడి భార్య తీసింది.

"ఊళ్లో లేరు బాబాయి గారూ."

"ఎప్పుడొస్తారమ్మా?"

"రేపు పొద్దున్న అన్నారు."

"ఎక్కడికెళ్లారు?"

ఆవిడ నోరు తెరిచి, మూసి, ఇక ఆపుకోలేక నవ్వేసింది. "మీరు అది కూడా అడుగుతారని చెప్పారు గానీ, ఏం చెప్పాలో చెప్పి వెళ్లలేదండీ."

బాబాయి వీధి చివర కొట్లోంచి ఆఫీసుకి ఫోన్ చేశాడు. "అంటించెయ్ బాబాయి" అన్నాడు హెడ్ క్లర్కు. "నాలుగు కావస్తోంది. ఎవరైనా ఇద్దర్ని పిలిచి అంటించేసి రా."

"అంటిస్తే చింపేస్తాడు. గోడ వచ్చి సభలో సాక్ష్యం చెబుతుందా?" అని పెట్టేశాడు.

సైకిలుకి ఆనుకుని నిలబడి ఆలోచించాడు. ఆ మనిషి శుక్రవారం సభకి రాకుండా ఉండడు. వస్తేనే కదా లేచి గోల చేసేది! పేపరువాళ్లుంటారు, ఫోటోలు తీస్తారు. పన్నెండేళ్లుగా ఆ గడప తొక్కుతున్న బాబాయికి ఒక సంగతి తెలుసు. సమావేశం ఉన్న వారంలో అతను జుట్టుకీ మీసాలకీ రంగు వేయించకుండా ఉండడు. తన వార్డులో వేయించుకోడు, జనం చూస్తారని. బస్టాండు వెనక సందులో ఒక సెలూన్ ఉంది. రెండేళ్ల కిందట బాబాయి అటుగా వెళ్తూ అతన్ని అక్కడ ఒకసారి చూశాడు. చూసి, ఎవరికీ చెప్పలేదు.

సెలూన్‌లో మూడు కుర్చీలు. మూడో దాంట్లో మెడచుట్టూ తెల్లగుడ్డ, నెత్తినా మూతినా నల్లటి ముద్ద, మూసుకున్న కళ్లు.

"నమస్కారం సార్."

అద్దంలో కళ్లు తెరుచుకున్నాయి. "నువ్వా! ఇక్కడికెలా వచ్చావ్?"

"సైకిలు మీద సార్."

"నేను ఊళ్లో లేనని ఇంట్లో చెప్పలేదూ?"

"చెప్పారు సార్. అందుకే ఇంట్లో ఇవ్వలేదు."

సభ్యుడు లేవబోయాడు. సెలూన్ అతను భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. "కదలకండి సార్, రంగు చెవుల మీదికి దిగుతుంది. ఇంకా ఇరవై నిమిషాలుండాలి."

"నా చేతులు ఖాళీ లేవు."

"ఆగుతాను సార్. ఆఫీసు టైము ఐదున్నర దాకా ఉంది" అని బాబాయి బల్ల మీద కూర్చుని, పుస్తకం ఒళ్లో పెట్టుకున్నాడు. సభ్యుడు అద్దంలోంచి గుమ్మం వైపు చూశాడు. ఆ నెత్తితో పరిగెత్తి ఎక్కడికి పోతాడు? సందు చివర బస్టాండు. బస్టాండు నిండా ఓటర్లు.

మీసం దురద పెట్టింది. గుడ్డ కిందనుంచి చెయ్యి తీసి గోక్కున్నాడు. "చేతులు ఖాళీ అయినట్టున్నాయి సార్" అన్నాడు సెలూన్ అతను, మొహంలో నవ్వు లేకుండా.

సభ్యుడు పళ్లు కొరుకుతూ కలం లాక్కుని సంతకం పెట్టాడు. "అయిందా? ఇక వెళ్లు."

"చివరి అంశం ఎంతండీ?"

"నీ చాదస్తం తగలెయ్య! నువ్వే వేసుకో."

"నేను వేస్తే దానికి విలువేముంది సార్? సభ్యులు తమరు."

ఆ 'తమరు' పనిచేసింది. చివరి కాగితం తిప్పి, చూసి, మొహం చిట్లించి, ఇరవై మూడు అని అంకె వేశాడు. వేస్తుంటే అతని బొటనవేలి రంగు గడి పక్కన నల్లగా అంటింది. బాబాయి వేళ కూడా రాసుకున్నాడు, నాలుగూ ఇరవై.

"ఈ సంగతి బయట ఎక్కడైనా అన్నావంటే..."

"నేను కాగితాలు మోస్తాను సార్. కబుర్లు మొయ్యను."

శుక్రవారం సభ నిండుగా ఉంది. బాబాయి ఎప్పటిలాగే గుమ్మం పక్కన, మంచినీళ్ల కూజా దగ్గర నిలబడ్డాడు. ఇరవై రెండు అంశాలు గబగబా అయిపోయాయి. ఇరవై మూడోది చదవగానే పద్నాలుగో వార్డు సభ్యుడు లేచాడు. మీసం నిగనిగలాడుతోంది.

"అధ్యక్షా! నా కట్టలో ఉన్నవి ఇరవై రెండు అంశాలే. ఇదిగో, చూడండి!" అని కాగితాలు పైకెత్తాడు. చివరిది లేదు. "ఇది తర్వాత దొంగచాటుగా చొప్పించారు. నిండు కట్ట అందని సమావేశం చెల్లదు!"

హాలు గగ్గోలెత్తింది. పుస్తకంలో ఆ రెండో గడి బంట్రోతు సొంత చాదస్తమనీ, దాన్ని ఎవరూ లెక్కచేయరనీ అతని ధీమా. చైర్‌పర్సన్ గారు బల్ల మీద చేత్తో కొట్టి, "బాబాయిని పుస్తకం తెమ్మనండి" అన్నారు.

ముప్పై మూడేళ్లలో సభ జరుగుతుండగా బాబాయి హాల్లోకి అడుగుపెట్టింది మంచినీళ్లివ్వడానికే. ఇప్పుడు పుస్తకం పట్టుకుని మధ్యదారిన నడిచి వెళ్లాడు. ఆ పేజీ తెరిచి బల్ల మీద పెట్టాడు.

"కట్ట ఎప్పుడిచ్చావు బాబాయి?"

"సోమవారం నాలుగూ ఇరవైకమ్మా."

"ఈ అంకె?"

"సార్ గారు స్వయంగా చూసి, స్వయంగా వేశారు. ఇరవై మూడు."

"ఎక్కడిచ్చావు?"

హాలంతా చెవులప్పగించింది. సభ్యుడి మొహం తెల్లబోయి, మీసం మరీ నల్లగా కనిపించింది. ఒక్క మాట చాలు, రేపటి నుంచి ఆ మనిషి బజార్లో తలెత్తుకుని తిరగలేడు. తొమ్మిదేళ్ల ఈగలు, కూతురి కిటికీలు, అన్నీ బాబాయి నాలుక చివరికి వచ్చాయి.

"చేతికిచ్చానమ్మా" అన్నాడు.

చైర్‌పర్సన్ గారు పుస్తకం దగ్గరగా తీసుకుని చూశారు. "మరి ఈ నల్ల మరకేమిటి?"

"మరక సంగతి అజెండాలో లేదమ్మా."

హాలు గొల్లుమంది. బల్ల మీద ఉన్న కుడిచేతి బొటనవేలిని సభ్యుడు చటుక్కున పిడికిట్లోకి ముడుచుకున్నాడు. గోటి చుట్టూ నలుపు ఇంకా పోలేదు. బాబాయి వైపు ఒకసారి చూశాడు. ఆ చూపులో కోపం లేదు.

"ఆ అంకె నాదే" అన్నాడు గొంతు సవరించుకుని. "చివరి కాగితం ఎక్కడో జారిపోయి ఉంటుంది. నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నా." కూర్చున్నాడు.

తీర్మానానికి ఇరవై చేతులు లేచాయి. వద్దని ఐదు. పద్నాలుగో వార్డు చెయ్యి అటూ లేవలేదు, ఇటూ లేవలేదు, పిడికిలిగానే ఉండిపోయింది.

బాబాయి ఆఖరి రోజున కమిషనర్ గారు కొత్త బట్వాడా పుస్తకం నమూనా తెప్పించి చూపించారు. సంతకం గడి పక్కన 'చివరి అంశం సంఖ్య' అని అచ్చులోనే ఇంకో గడి. ఐదో తరగతి చదివినవాడు స్కేలు పెట్టి గీసిన గీత ఇప్పుడు ఆఫీసు పద్ధతి. శాలువాలు చాలామందికి కప్పుతారు, ఇది ఎంతమందికి దక్కుతుంది?

చెత్త పూర్తిగా తరలడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. ఇరవయ్యో రోజున బాబాయి సైకిలు నూనె డబ్బా చేత్తో పట్టుకుని కూతురి తరగతికి వెళ్లాడు. వెనక గోడకి ఆరు కిటికీలు. తొమ్మిదేళ్లుగా తీయక గడియలన్నీ తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. ఒక్కోదానికీ నాలుగు చుక్కలేసి, గుడ్డతో తుడిచి, అటూ ఇటూ కదిపి తీశాడు. పిల్లలు తెరిచిన కిటికీలు లెక్కపెడుతూ కూర్చున్నారు. ఐదు తెరుచుకున్నాయి. ఆరోది ఎంత గుంజినా రాలేదు.

"వదిలెయ్ నాన్నా, ఐదు చాలు."

"చాలడమేంటి? నూనె నాననీ. రేపొచ్చి చూస్తా" అన్నాడు బాబాయి, డబ్బా మూత బిగిస్తూ. "ఇవాళ్టికి ఐదు అని రాసుకో."