తమ్ముడికి కర్మ చేయనివ్వని లేయక్క

మా లేయక్క ఇక లేదు. మొన్న మంగళవారం గుంటూరులో, స్వగృహంలో, నిద్రలోనే కన్నుమూసింది. ఫోను వచ్చేసరికి నేను చిలకలూరిపేట బస్టాండులో ఉన్నాను, ఆవిడ దగ్గరికే బయల్దేరి. తొంభై దాటిన నిండు జీవితం కదా అని అందరూ ఓదారుస్తున్నారు. వాళ్ళకేం, చెబుతారు. యాభై ఏళ్ళకు పైబడిన తోడికోడళ్ళం మేం.

లేయక్క ఫ్రాన్సు దేశపు యూదుల బిడ్డ. యుద్ధకాలంలో యూదులను వెదికి వెదికి చంపుతుంటే, తల్లి దొంగ గుర్తింపు కాగితాలను కూతురి కోటు అస్తరులో కుట్టేది. తొమ్మిదేళ్ళ లేయా ఆ కోటు తొడుక్కుని సైనికుల ఎదుటే నడిచి వెళ్ళి, దాక్కున్నవారికి వాటిని అందించేది. తండ్రి పట్టుబడ్డాక తల్లి ఇద్దరు పిల్లలతో ఒక రైతు ఇంటి గడ్డి అటక మీద తలదాచుకుంది. చాలా ఏళ్ళ తరువాత, పత్తి పరిశోధనకై ఇంగ్లండు వెళ్ళిన మా బావగారిని పెళ్ళాడి అక్క మా ఊరి కోడలైంది.

నేను కాపురానికి వచ్చిన ఏడు కల్లంలో మిరపకాయలు ఎగబోస్తున్నారు. ఆ ఘాటుకు అందరం తుమ్ములే తుమ్ములు. అక్క మాత్రం ముక్కు నొక్కుకుని, మొహం కందగడ్డలా చేసుకుని నిలబడింది. "తుమ్మవే తల్లీ, ప్రాణం పోద్ది!" అని అత్తయ్య కేకలేసింది. అయినా తుమ్మలేదు.

కారణం నాకొక్కదానికే చెప్పింది. తాను పోయాక రాయమంది కూడా. సరిహద్దు దాటించే మనిషి అటక దగ్గరికి వచ్చాడట, చప్పుడు చేసే పిల్లలను తీసుకెళ్ళనన్నాడట. అంతలో తుమ్ము. ఎవరని అడిగాడు. "తుమ్మింది నేనే చెల్లీ. నోరు విప్పలా. తమ్ముడికి జలుబుగా ఉంది, వాడే అనుకున్నారు." నాలుగేళ్ళ డేనియల్‌ను రైతు భార్య చేతిలో పెట్టి తల్లీకూతుళ్ళు కొండ దాటారు. యుద్ధం ముగిశాక తిరిగి వెళితే ఆ ఇల్లూ లేదు, మనుషులూ లేరు. "మీరేమో తుమ్మితే చిరంజీవ అంటారు," అని ఏడ్చింది.

ఈ తుమ్ము సంగతి అత్తయ్యకు తెలియదు. పిల్లవాడు తప్పిపోయాడని మాత్రం తెలుసు. మంచి మనసుతోనే ఒకనాడు, "పన్నెండేళ్ళు ఎప్పుడో దాటిపోయినై గదమ్మా, దర్భబొమ్మ చేసి కర్మ జరిపిద్దాం, పిల్లాడికి శాంతి," అంది. ఎన్నడూ గొంతు పెంచని అక్క, "వాడు పోయాడని మీకెవరు చెప్పారండీ?" అని అరిచింది. అత్తయ్య బిత్తరపోయింది. ఆపైన వచ్చినవాళ్ళందరికీ, "మా పెద్దకోడలికి ఫారిన్‌లో తమ్ముడున్నాడు," అని చెప్పుకునేది. ఆ మహాతల్లి హృదయం అటువంటిది.

తప్పిపోయినవారిని వెదికే కార్యాలయానికి అక్క ఏటా దరఖాస్తు పంపేది. ఆచూకీ లేదనే జవాబు. పిల్లలు హైదరాబాదు రమ్మంటే, "అడ్రసు మారిస్తే వాడెక్కడికొస్తాడ్రా?" అని కసిరేది.

ఈ ఏటి కాగితం ఆవిడ బల్ల మీద సగంలో ఆగిపోయి కనిపించింది. అడిగేవారు లేకపోతే ఆ ఫైలు మూసేస్తారట. అక్కా, నీ వంటి ధీరురాలిని ఈ జన్మలో మళ్ళీ చూడను. నువ్వు లేని ఇంట్లో నాకు కాలు నిలవడం లేదు. నిన్న నీ కుర్చీలోనే కూర్చుని కాగితం నింపాను. వెదికేవారి పేరు చోట నా పేరు, తప్పిపోయిన వ్యక్తికి ఏమవుతారు అన్నచోట 'చెల్లెలు' అని రాసి పంపాను.