అలికిడి అంటే

పినపాకలో మా పక్కింటి మామ మొన్న మంగళవారం పొద్దున పోయాడని ఆయన బిడ్డ కబురు చేసింది. మీలో ఎవరికీ ఆయన తెలియదు. నాకు చుట్టం కూడా కాదు. కానీ ఈ నాలుగు మాటలు రాయడానికి నేను మిగిలింది ఆయన వల్లే.

బొగ్గుబావిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం మామ పని. కర్రతో కప్పును తట్టి, తల వంచి వినేవాడు. డొల్లగా మోగితే అందరినీ వెనక్కి పంపేవాడు. సంతలో కుండ కొనాలన్నా వాడకట్టు ఆడవాళ్లు ఆయన్నే వెంటబెట్టుకుని పోయేవారు.

నేను పనిలో చేరిన రెండో ఏడు, మొదటి షిఫ్టులో కప్పు కూలింది. అవతల నేనొక్కణ్ణే చిక్కుకున్నాను. కాలు బొగ్గుపెళ్ల కింద ఇరుక్కుంది. లైటు ఆరిపోయింది. అరుద్దామంటే నోటినిండా దుమ్ము. రాయి తీసుకుని కొడితే పైనుంచి మట్టి రాలింది. భయమేసి మానేశాను. వేళ్లతో బొగ్గును గీరుతూ పడి ఉన్నాను. అమ్మ ముఖం తలుచుకుందామన్నా రాలేదు. ఆ పొద్దున తినకుండా వదిలేసిన జొన్న గట్క మాత్రం గుర్తొచ్చింది.

ఇవతల జరిగింది తర్వాత తోటివాళ్లు చెప్పారు. షిఫ్టు ఆఫీసరు చెవి పెట్టి విని, "సప్పుడేం లేదు. కప్పు మళ్లీ కూలేటట్టున్నది, బయటికి నడువుండ్రి" అన్నాడట.

"సప్పుడు లేదు సారూ, అలికిడున్నది" అన్నాడట మామ.

"రెండూ ఒకటే గదయ్యా!"

"ఒకటెట్లయితది? రాయి పడ్డా సప్పుడే, నీళ్లు కారినా సప్పుడే. పాణమున్నది మెదిలితెనే అలికిడి. లోపట పిల్లగాడున్నడు. నేనైతే రాను."

ఆయన కదలకపోయేసరికి మిగతావాళ్లూ ఆగారు. తవ్వడం మొదలుపెట్టారు.

ఆ మాటను మామ ఎవరినీ తేలిగ్గా వాడనిచ్చేవాడు కాదు. తలుపు కొట్టుకుంటే "ఏదో అలికిడి" అన్న మనవరాలితో, "గాలికి అలికిడేంది బిడ్డా, సప్పుడను" అనేవాడు.

చాలా ఏళ్లకు ఒకసారి అడిగాను. "మామా, నిజంగ నీకు ఇనబడ్డదా?"

"ఏమోరా. ఇనబడ్డదనే అనుకున్న. ఇనబడలేదంటే నిన్ను ఇడిసిపెట్టి పోవాలె గద."

ఆ రోజు ముందు పిడికెడంత సందు పడింది. అందులోంచి ఆయన చెయ్యి వచ్చి, తడుముకుంటూ నా వేళ్లను పట్టుకుంది. సందు పెద్దది కావడానికి ఇంకా చాలాసేపు పట్టింది. పక్కన గడ్డపారలు పడుతున్నంతసేపూ మామ ఆ రాళ్ల మీద బోర్లా పడుకుని, మోచేతిదాకా చెయ్యి లోపల పెట్టి అలాగే ఉన్నాడు.