పెళ్ళికూతురికి తగులుకున్న డీఎన్‌ఏ గొలుసు

కరుణాకుమారి బిట్రగుంటలో ఒక ప్రైవేటు హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతుంది. ఒకనాడు డీఎన్‌ఏ పాఠం చెబుతుంటే పదో తరగతి మొత్తం కునికింది. ఆ అవమానంతో ఇంటికొచ్చి ఫోనులో ఏదో వెతుకుతుంటే ఒక వీడియో కనిపించింది. ఎవరో తీగతో చిన్న చిన్న రింగులు చేసి, ఒకదాంట్లో ఒకటి దూర్చి గొలుసు అల్లుతున్నారు. అల్లేకొద్దీ గొలుసు దానంతటదే మెలి తిరుగుతోంది. అచ్చం పాఠంలో బొమ్మే. "ఇదే, ఇదే!" అని ఆమె పెట్టిన కేకకి, పాలు పొంగాయేమోనని అత్తగారు పరుగెత్తుకొచ్చింది.

భర్త జడ్సన్ రైల్వేలో సిగ్నళ్ళ మెకానిక్. అతను రాగితీగ తెచ్చిస్తే, బజారులో కొన్నదేనని ప్రమాణం చేయించుకున్నాకే ఆమె ముట్టుకుంది. తీగని స్వెట్టరు అల్లే సూదికి చుట్టి, స్ప్రింగులా తీసి, రింగులుగా కత్తిరించేది. రెండు చిన్న పట్టకార్లతో ఒక్కో రింగు తెరిచి, దూర్చి, మూసేది. మొదట నీటి అణువు కమ్మలు చేసింది. ఒక పెద్ద రింగు, పైన రెండు చిన్నవి. అవి ఎలుక మొహాలనుకుని ఎల్‌కేజీ టీచరు దుర్గ ముచ్చటపడి పెట్టుకుంది. ఆ ముచ్చటకి అరగంట రసాయనశాస్త్రం వినాల్సి వచ్చింది.

తర్వాత మొదలైంది డీఎన్‌ఏ గొలుసు. రెండు రాగి పేటలు మెలితిరిగి, మధ్య మెట్లలాగా ఎరుపు, పచ్చ, నీలం, పసుపు రింగులు. పూర్తవగానే పక్కింటి ఆదిశేషమ్మ చూసి, చెప్పులు విప్పి, రెండు చేతులూ జోడించింది.

"జంట నాగులు! ఎంత బాగ చేసినావు తల్లీ!"

అత్తగారి మొహం మాడిపోయింది. "చర్చికి పోయే కొంపలో పాములేందమ్మే?"

"పాములు కావత్తయ్యా. ఇది మీ ఒంట్లో కూడా ఉంటాది."

"నా ఒంట్లో పాములుండాయా!"

అత్తగారు ఒళ్ళంతా తడుముకుంటూ ప్రార్థనకి కూర్చుంది.

ఇంతలో బోగోలులో కరుణాకుమారి అక్కకూతురు ఎవాంజెలిన్ పెళ్ళి వచ్చింది. కరుణాకుమారి ఆ గొలుసే వేసుకుపోవాలని పట్టుబట్టింది. గొలుసు కొసలకి పెట్టే కొక్కేలు ఆర్డరు పెట్టినా ఇంకా రాలేదు. జడ్సన్ బండి హారను మోగిస్తుంటే, ఆ తొందరలో గొలుసు రెండు కొసల్నీ మెడ వెనక రింగుతోనే బిగించేసింది. కొన్ని రింగుల మూతులు సరిగా మూసుకోలేదన్న సంగతి అప్పుడు చూసుకోలేదు.

చర్చి గుమ్మం దగ్గర, లోపలికి నడవబోయే ముందు, ఆమె పెళ్ళికూతురి ముసుగు సర్ది, వంగి నుదుటిమీద ముద్దు పెట్టింది. తల ఎత్తబోతే రాలేదు. గొలుసు, ముసుగు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"పిన్నీ, లాగబాక! చినిగిపోతాది," అంది ఎవాంజెలిన్.

ఆ ముసుగు పెళ్ళికొడుకు అక్కది. తన పెళ్ళికి వేసుకున్నదాన్ని దాచుకుని, జాగ్రత్తలు చెప్పి మరీ ఇచ్చింది. తీసేద్దామంటే, పార్లరమ్మాయి దాన్ని పిన్నులతో జడకి కుట్టేసినంత పని చేసి, ఇంకో పెళ్ళికని కావలి వెళ్ళిపోయింది. గొలుసు తలమీదుగా రాదు. కరుణాకుమారి అక్క పళ్ళతో రింగు తెరవాలని చూసి, పన్ను పట్టుకుని పక్కకి కూర్చుంది.

"ఏవండీ, ఇంటికి పోయి నా పట్టకార్లు తెండి!" అంది కరుణాకుమారి. జడ్సన్ బండెక్కాడు.

లోపల పాట మొదలైపోయింది. ఇక ఆగేందుకు లేదు. ఇద్దరూ చెంపా చెంపా ఆనించి, పక్కవాటుగా, పీతల్లా నడిచారు. కొత్త పద్ధతేమోనని జనం లేచి నిలబడి మరీ చూశారు.

"అమ్మా, పెళ్ళికూతురు ఒక్కతే రావాల," అన్నారు పాస్టరు అబ్రహాముగారు నెమ్మదిగా.

"పక్కకి పోలేనండీ. తగులుకున్నా," అంది కరుణాకుమారి.

పెళ్ళికొడుకు ప్రసాద్ మంచివాడు. కాస్త జరిగి చోటిచ్చాడు. ప్రమాణాలు సాగాయి. వీళ్ళని ఎవరూ విడదీయరాదని చెప్పే దగ్గరికి వచ్చేసరికి పాస్టరుగారి చూపు ముసుగు మీద పడింది. నవ్వు ఆపుకోబోయి పొలమారింది. మంచినీళ్ళు తాగి వస్తే గాని పెళ్ళి ముందుకి కదల్లేదు.

అప్పుడొచ్చాడు జడ్సన్, చెమటలు కక్కుతూ. చేతిలో ఉన్నది మూరెడు ఇనప పట్టకారు.

"ఇదేందండీ! నా మెడకా, రైలుపెట్టెకా?"

"పట్టకారన్నావు. నా సంచిలో ఉండే పట్టకారు ఇదే."

మళ్ళీ వెళ్ళి చిన్నవి తెచ్చేసరికి భోజనాల వేళయింది. చిక్కు కరుణాకుమారి గడ్డం కింద ఉంది, ఆమెకి కనబడదు. జడ్సనే తీయాలి.

"పచ్చ రింగు తెరవండి. అడినీను."

"పచ్చవి చానా ఉండాయి!"

"ఎర్రదాన్ని పట్టుకోనుండేది. ఎరుపు థైమీను. అడినీను ఎప్పుడూ థైమీన్నే పట్టుకుంటాది."

బిరియాని ప్లేట్లు పట్టుకున్న చుట్టాలు చుట్టూ మూగారు. "అది కాదు బావా, నీలం పక్కన!" "నీలం సైటోసీనంట, దాన్ని ముట్టుకోబాక!" తలా ఒక సలహా. చివరికి పచ్చ రింగొకటి ఊడి సాంబారు గిన్నెలో పడింది. ముసుగు చిన్న పోగు కూడా తెగకుండా విడివడింది. జనం చప్పట్లు కొట్టారు. అప్పటిదాకా బింకంగా ఉన్న కరుణాకుమారి కుర్చీలో కూలబడి భోరుమంది.

"నీ పెళ్ళి పాడు చేసినాను తల్లీ."

ఎవాంజెలిన్ ఆమె కన్నీళ్ళు తుడిచి, "అంతమంది ముందర ఒంటిగా నడవాలంటే పడిపోతానేమోనని భయపడినాను పిన్నీ. నువ్వు తగులుకోబట్టే పడకుండా నిలబడినాను," అంది.

ఫొటోగ్రాఫరు ప్రవీణ్ ఎంత తంటాలు పడ్డా, ముఖ్యమైన ఫొటోలన్నిట్లోనూ దంపతుల మధ్య కరుణాకుమారే వచ్చింది. కాలునొప్పితో పెళ్ళికి రాలేని ప్రసాద్ నాయనమ్మ కోవూరులో ఆల్బం తిరగేసి, చాలాసేపు ఆలోచించి, "వీళ్ళిద్దర్లో మన పిల్ల ఎవుర్రా?" అని అడిగిందట.

ఆ ఫొటోలు చూసే ప్రసాద్ చెల్లెళ్ళిద్దరూ తమకీ అలాంటి గొలుసులే కావాలని ఫోను చేశారు. కరుణాకుమారి ఇప్పుడు వాటి పనిలోనే ఉంది. అల్లిన ప్రతి గొలుసునీ పాత దోమతెర మీద అటూ ఇటూ లాగి చూశాకే డబ్బాలో పెడుతుంది. దోమతెరకి చిల్లులు పడ్డాయని జడ్సన్ గొణుగుతున్నాడు.